ఆర్జవము – గృహస్థుని నిత్యవ్రతము

శ్రీవైష్ణవ సంప్రదాయములో భగవంతుని కల్యాణగుణములను కీర్తించునప్పుడు సౌశీల్యము, వాత్సల్యము, మార్దవము అను గుణముల సరసనే ఆర్జవమను గుణమును కూడ పెద్దలు స్మరింతురు. భగవద్రామానుజులు శరణాగతిగద్యములో శ్రీమన్నారాయణునకు సమర్పించిన గుణమాలికలో ఇదియు నొక పుష్పము. ఆర్జవమనగా ఋజుత్వము, వంకర లేకుండుట. మనస్సులో నున్నదే మాటలోను, మాటలో నున్నదే చేతలోను కనబడుట ఆర్జవము. స్వామి వాత్సల్యమును గూర్చి, కారుణ్యమును గూర్చి భక్తులు తరచుగా విందురు. ఆ గుణములు తమ్ము రక్షించునవి గనుక వానియందు ప్రీతి సహజము. ఆర్జవమును గూర్చిన ప్రసంగము అంత తరచుగా వినబడదు. కాని ఆలోచించినచో ఈ గుణము లేనిదే తక్కిన గుణములు భక్తునకు ఆధారము కాజాలవు. అభయమిచ్చిన ప్రభువు మనస్సులో వేరొకటి తలచువాడైనచో ఆ అభయమును నమ్ముకొనుట యెట్లు? స్వామి ఋజువర్తనుడు గనుకనే ఆయన పాదములను ఆశ్రయించుట సాధ్యమైనది.

భగవంతునియందు కీర్తించిన ఈ గుణమునే రామానుజులు భక్తునియందును కోరిరి. శ్రీభాష్యములో భక్తి నిలుచుటకు సాధనములుగ ఏడింటిని ఆయన పేర్కొనిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో ఐదవదియైన కల్యాణమునకు సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింస, అనభిధ్య అని వివరణము చెప్పబడినది. అనభిధ్య యనగా పరుల సొత్తును తనదిగా తలపకుండుట. జపము, అర్చన, తీర్థయాత్ర యెంత చేసినను ఈ ఆరు గుణములు లేనిచోట భక్తి వేరూనదని తాత్పర్యము.

గీతాచార్యుడును ఆర్జవమును నాలుగు అధ్యాయములలో పేర్కొనెను. 13వ అధ్యాయములో అది జ్ఞానసాధనము. 16వ అధ్యాయములో దైవసంపద. 17వ అధ్యాయములో శారీరకమైన తపస్సు. 18వ అధ్యాయములో బ్రాహ్మణుని స్వభావకర్మ. వీనిలో మూడవది విశేషముగ గమనింపదగినది. మనస్సునకు సంబంధించినదిగ తోచు ఈ గుణము శరీరముతో చేయు తపస్సులలో లెక్కింపబడినది. వంకర బుద్ధి మనస్సులో పుట్టినను చివరకు పని చేయునది చేయియే గదా! త్రాసును పట్టునది, లెక్క వ్రాయునది, సంతకము చేయునది చేయి. ఆర్జవమునకు తుది పరీక్ష అక్కడనే జరుగును.

సత్యమునకును ఆర్జవమునకును గల భేదము

అసత్యమాడకుండుటయే నిజాయితీ యని లోకములో సామాన్యమైన అభిప్రాయము. అది తొలిమెట్టు మాత్రమే. మాట అబద్ధము కాకపోయినను మనస్సు వంకరగా నుండవచ్చును. ఈ సూక్ష్మమును వ్యాసభగవానుడు ద్రోణపర్వములో చూపెను.

ద్రోణాచార్యుడు ఆయుధము పట్టియున్నంతవరకు పాండవులకు జయము లేదు. కుమారుడు మరణించెనని విన్నగాని ఆయన ధనుస్సు విడువడు. భీమసేనుడు మాళవరాజైన ఇంద్రవర్మకు చెందిన అశ్వత్థామ యను ఏనుగును చంపి, అశ్వత్థామ హతుడయ్యెనని కేకవేసెను. ద్రోణుడు ఆ మాటను నమ్మలేదు. ముల్లోకముల ఐశ్వర్యము లభించినను ధర్మరాజు అసత్యమాడడని ఆయన విశ్వాసము. అందుచేత ధర్మరాజునే అడిగెను. ధర్మరాజు అశ్వత్థామ మరణించెనని స్పష్టముగ పలికి, ఏనుగు అను మాటను వినబడకుండ పలికెను. అంతవరకు నాలుగు వ్రేళ్ళ వెడల్పు మేర భూమికి పైగా సాగుచుండిన ఆయన రథము ఆ క్షణమున నేలను తాకెను.

ధర్మరాజు పలికిన పలుకులలో విడివిడిగా చూచిన ఒక్కటియు అసత్యము కాదు. మరణించినది అశ్వత్థామయే, అది ఏనుగే. కాని ద్రోణుని చెవికి చేరినది అసత్యము. అది అట్లు చేరవలెననియే ఆ మాట పలుకబడినది. వినువాని మనస్సులో ఏ భావము కలుగవలెనని పలికినవాడు కోరెనో దానినిబట్టియే మాటయొక్క ఋజుత్వము నిర్ణయింపబడును. ధర్మరాజు జీవితమంతయు సత్యవ్రతమే. అట్టివానికిని ఈ ఒక్క దోషము మాసిపోలేదు. స్వర్గారోహణపర్వములో ఆయనకు కొంతసేపు నరకదర్శనము కలుగుటకు ద్రోణునియెడ చూపిన ఆ కపటమే కారణమని ఇంద్రుడు తెలిపెను.

ఇట్టి అర్ధసత్యములు నిత్యజీవితములో అడుగడుగునను ఎదురగును. పాడిగేదెను అమ్మువాడు అది పూటకు ఎన్ని పాలిచ్చునో చెప్పును, పితుకబోవువారిని తన్నునని చెప్పడు. ఇల్లు అద్దెకిచ్చువాడు గదులన్నియు చూపును, వేసవిలో బోరు ఎండిపోవునని చెప్పడు. పెండ్లి సంబంధము మాటలాడువారు వరుని జీతమును చెప్పుదురు, అప్పులను దాచుదురు. అడిగినచో తామెవ్వరును అబద్ధమాడలేదని వీరందరు ప్రమాణము చేయగలరు. సత్యము వారి పక్షమున నున్నట్లే కనబడును. ఆర్జవము మాత్రము వారి ఇంట లేదు.

అర్థశౌచము

క్షేత్రమునకు వచ్చిన యాత్రికుడు తొలుత పుష్కరిణిలో స్నానము చేయును. తడిబట్టలు మార్చి, ఊర్ధ్వపుండ్రములు ధరించి, శుచియై దర్శనమునకు బయలుదేరును. ఈ ఆచారము యోగ్యమైనదే. అయితే శౌచములన్నింటిలో ధనవిషయమైన శౌచమే శ్రేష్ఠమని మనుస్మృతి నిర్ణయించినది. మట్టితోను, నీటితోను కడుగుకొన్నవాడు శుచి కాడనియు, ధనవిషయమున నిర్మలుడైనవాడే శుచియనియు దాని భావము. స్నానము శరీరమలమును పోగొట్టును. సంచిలోని రూపాయి ఏ చేతినుండి, ఏ విధముగ వచ్చినదో ఆ మలమును పుష్కరిణీజలము కడుగదు.

ఈ అర్థశౌచమును కేవలము ఉపదేశముగ విడువక ప్రాచీనులు వ్యవస్థగ కూడ ఏర్పరచిరి. త్రాసులను, తూకపు రాళ్ళను, కొలపాత్రలను 6 మాసములకొకసారి రాజు మరల పరీక్షింపవలెనని మనువు విధించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రములో 4 మాసములకొకసారి వానిని సరిచూచి ముద్ర వేయించవలెనని నియమించెను. ఒక సరకులో వేరొక సరకును కలిపి మేలైనదిగ అమ్మరాదనియు, తక్కువ తూచి అమ్మరాదనియు, దోషమును కప్పిపెట్టి అమ్మరాదనియు స్మృతి నిషేధించినది. స్వతంత్ర భారతదేశములో 1956లో తూనికలు కొలతల ప్రమాణములకు చట్టము వచ్చినది. 2009లో మరియొక చట్టము దానిని అనుసరించి ఏర్పడిన విధానమునకు బదులుగ వచ్చినది. నేటికిని అంగడిలోని త్రాసులను అధికారులు పరీక్షించి ముద్ర వేయుచున్నారు. రాతిగుండ్లు పోయి ఇనుపగుండ్లు వచ్చినవి. అవియు పోయి విద్యుత్తుతో అంకెలు చూపు యంత్రములు వచ్చినవి. యంత్రము మారినను దానిమీద సరకును పెట్టు చేయి మారవలసియే యున్నది.

వ్యాపారములో నుండియే ధర్మమును పరిపూర్ణముగ ఆచరింపవచ్చునని భారతములోని తులాధారుని వృత్తాంతము చాటుచున్నది. జాజలి యను ముని కదలక మెదలక తపస్సు చేయుచుండగా ఆయన జటలలో పక్షుల జంట గూడు కట్టుకొని గ్రుడ్లు పెట్టెను. పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోవువరకు ఆ ముని చలింపలేదు. తనతో సమానమైన ధర్మాత్ముడు లేడని ఆయనకు గర్వము కలిగెను. అప్పుడు వారణాసిలోని తులాధారునకు నీవు సాటిరావని ఒక వాణి వినబడెను. జాజలి వెదకికొనుచు పోయి చూడగా తులాధారుడు అంగడిలో కూర్చుండి మూలికలను, సుగంధద్రవ్యములను, రసపదార్థములను అమ్ముచుండెను. ఆయన చేసిన తపస్సు వేరొకటి లేదు. మద్యమును అమ్మడు, కపటముగ కొనడు, కపటముగ అమ్మడు. మిత్రుడని ఒకనికి ఎక్కువ, పరాయివాడని ఒకనికి తక్కువ తూచడు. ఆయన త్రాసు సర్వప్రాణులయెడ సమముగ నుండెను. ముని నిలుచుండి చేసిన తపస్సును వైశ్యుడు కూర్చుండి చేసెను. తులాధారుడను పేరునకు త్రాసు పట్టినవాడని అర్థము. ఆ పేరే ఆయన బిరుదమైనది.

న్యాయార్జితమైన పేలపిండి

ధర్మరాజు అశ్వమేధయాగమును పూర్తిచేసి అపారముగ దానములు చేసిన సమయమున ఒక ముంగిస యజ్ఞశాలకు వచ్చెను. దాని శరీరములో సగము బంగారుమయముగ నుండెను. ఈ మహాయజ్ఞము కురుక్షేత్రమునందలి ఒక పేదవాని సక్తుదానమునకు సాటిరాదని అది పలుకగా సభవారు ఆశ్చర్యపడిరి. ఆశ్వమేధికపర్వములోని ఆ కథ తెలుగువారికి సక్తుప్రస్థుని కథగ తెలిసినదే.

ఆ బ్రాహ్మణుడు కోతలైన పొలములలో రాలిన గింజలను ఏరికొని జీవించు ఉంఛవృత్తి గలవాడు. కరవు కాలములో భార్యయు, కొడుకును, కోడలును ఆయనతోపాటు పస్తులుండిరి. ఒకనాడు దొరికిన గింజలను దంచి పేలపిండి చేసి నలుగురును భాగములు పంచుకొని కూర్చుండగా అతిథి వచ్చెను. గృహస్థు తన భాగమిచ్చెను. అతిథి ఆకలి తీరలేదు. భార్య, కొడుకు, కోడలు వరుసగ తమ భాగములను ఇచ్చివేసిరి. వచ్చినవాడు ధర్మదేవతయే. ఆ కుటుంబము ఉత్తమలోకములకేగిన తరువాత అచ్చట నేల రాలిన పిండిలో పొరలిన ముంగిసకు సగము దేహము బంగారమైనది. తక్కిన సగము కొరకు అది ఎన్నో యజ్ఞశాలలు తిరిగినను ఫలము లేకపోయెను.

ఈ కథలో త్యాగమును గుర్తించినవారు చాలమంది కలరు. ఆ పిండి యెట్లు వచ్చినదో గుర్తించినవారు తక్కువ. అది ఎవ్వరి కడుపు కొట్టియు తెచ్చినది కాదు, ఎవ్వరిని మోసగించియు సంపాదించినది కాదు. న్యాయార్జితమైన గుప్పెడు పిండికి అట్టి మహిమ కలిగెను.

ఈ సందర్భమున హుండీని గూర్చి యాత్రికులు యోచింపదగిన విషయమొకటి కలదు. కష్టములో ముడుపు కట్టి, అది తీరగనే కొండకు వచ్చి స్వామికి సమర్పించుట తెలుగునాట ఇంటింట నున్న ఆచారము. కూలిసొమ్ములో దాచిన నాణెములను పసుపుగుడ్డలో మూటగట్టి తెచ్చువారి భక్తికి లోకము చేతులెత్తి మ్రొక్కవలసినదే. అయితే అన్యాయముగ గడించిన ధనములో కొంత హుండీలో వేసినచో తక్కినది శుద్ధియగునను భ్రమ కొందరిలో కలదు. స్వామిని వ్యాపారములో భాగస్వామిగ భావించుట దీనికి మూలము. ఇతరుని వద్ద అపహరించిన దానిలో భాగమును అంగీకరించువాడు స్వామి యని తలచుట ఆయన ఆర్జవమునకు కళంకమును అంటగట్టుటయే.

శ్రీనివాసుడు తన కల్యాణమునకై కుబేరుని వద్ద ఋణము గైకొని, పత్రము వ్రాసి యిచ్చెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. ఆ ఋణమునకు కలియుగాంతమువరకు వడ్డి చెల్లించుచున్నాడని భక్తుల నమ్మకము. అందుచేతనే వడ్డికాసులవాడను ముద్దుపేరు ఆయనకు కలిగినది. ఈ లీలలోని సారమును గ్రహింపవలెను. సకలలోకములకు ప్రభువైనవాడు అప్పును అప్పుగ అంగీకరించెను, చెల్లించుటకు మాట యిచ్చెను, ఆ మాట తప్పలేదు. అట్టి స్వామికి మ్రొక్కు చెల్లింపవచ్చిన భక్తుడు పొరుగువాని బాకీని ఎగవేసి వచ్చినచో ఆ మ్రొక్కు చెల్లినట్లెట్లగును? ముందు బాకీ, పిదప ముడుపు. ఈ క్రమమును తప్పరాదు.

ఇల్లే తొలి పాఠశాల

పిల్లలకు నీతిపద్యములు నేర్పించు ఇండ్లు పెక్కు కలవు. కాని పద్యముకంటె తండ్రి నడతయే వారికి త్వరగ వంటబట్టును. వాకిట అప్పులవాడు వచ్చినపుడు లోపలనున్న తండ్రి కుమారుని పిలిచి, “నాన్నగారు ఇంట లేరని చెప్పి రారా” యనును. బాలుడు పోయి, “మా నాన్నగారు ఇంట లేరని చెప్పమన్నారండీ” యనును. వినువారు నవ్వుదురు. ఆ నవ్వులో బాలునికి ఒక పాఠము ముగిసినది. మరునాటినుండి అతడు ఆ మాటను తడబాటు లేకుండ చెప్పుట నేర్చుకొనును. అప్పులవాని యెదుట నేర్చిన ఆ విద్యను కొంతకాలమునకు తండ్రి యెదుటనే ప్రయోగించును.

క్షేత్రయాత్రలోనే ఇట్టి పాఠములు జరుగుట మరింత విచారకరము. బస్సులో అర టిక్కెట్టు కొరకు బిడ్డ వయస్సును తగ్గించి చెప్పుట, మరియొకరి పేరిట నున్న దర్శనపు చీటితో వరుసలోనికి ప్రవేశించుట, దళారికి సొమ్మిచ్చి ముందువారిని దాటిపోవుట చూచిన బిడ్డకు, స్వామి దర్శనమును కూడ వంకరదారిని పొందవచ్చునను భావము మనస్సులో నాటుకొనును. ఆ దారిని పోయి చూచినది విగ్రహమే కావచ్చును. పొందవలసిన చిత్తశుద్ధి మాత్రము వరుసలోనే మిగిలిపోవును.

దీనికి భిన్నముగ ఒక తల్లి చేసిన పనిని ఛాందోగ్యోపనిషత్తు చిరస్మరణీయము గావించినది. జాబాల యను స్త్రీ కుమారుడు సత్యకాముడు గురుకులమునకు పోగోరి తన గోత్రమేమని తల్లిని అడిగెను. యౌవనములో అనేకులకు పరిచర్య చేయుచు తిరిగినపుడు అతనిని కన్నందున గోత్రము తనకు తెలియదని ఆమె దాపరికము లేక చెప్పెను. బాలుడు గౌతముని సన్నిధికి పోయి ఆ మాటలనే యథాతథముగ విన్నవించెను. ఆ ఋజువర్తనమునకు సంతసించి గురువు అతనిని శిష్యునిగ స్వీకరించెను. పిదప బక్కచిక్కిన 400 గోవులను అప్పగింపగా, అవి 1000 అగువరకు తిరిగి రానని సత్యకాముడు అడవికి పోయెను. అచ్చట లెక్క చూచువారు లేరు. సంవత్సరములు గడచిన తరువాత 1000 గోవులతో అతడు గురువు వద్దకు వచ్చెను. చూచువారు లేనిచోట సరియైన లెక్క నిలుపుటయే ఆర్జవమునకు గుర్తు. తల్లి వాకిట నేర్పిన పాఠము అడవిలో ఫలించినది.

తండ్రికి ఆదర్శము ప్రహ్లాదుడు. ఆయన కుమారుడు విరోచనునకును, అంగిరసుని కుమారుడు సుధన్వునకును కేశిని యను కన్య నిమిత్తము వివాదము కలిగెను. ఇద్దరిలో ఎవ్వడు శ్రేష్ఠుడను ప్రశ్నపై ప్రాణములే పందెముగ నొడ్డిరి. తీర్పరిగ ప్రహ్లాదునే ఎన్నుకొనిరి. ఒకవైపు ఏకైక పుత్రుని ప్రాణము, మరొకవైపు సత్యము. సుధన్వుడే శ్రేష్ఠుడని ప్రహ్లాదుడు తీర్పు చెప్పెను. పుత్రప్రేమకు లోబడక సత్యము పలికినందుకు సంతోషించి సుధన్వుడు విరోచనుని ప్రాణమును మరల ప్రహ్లాదునకు దానము చేసెను. ఈ కథను ఉద్యోగపర్వములో విదురుడు ఎవ్వరికి చెప్పెనో స్మరింపవలెను. వినినవాడు ధృతరాష్ట్రుడు. ఆయన కూడ తండ్రియే. కథ విని మెచ్చుకొనినను తన కుమారుని విషయములో దానిని ఆచరింపలేకపోయెను. బిడ్డ చేసిన తప్పును తెలిసియు కప్పిపెట్టు ప్రతి తండ్రియు ఈ ఇద్దరిలో ఎవ్వరి వెంట నడచుచున్నాడో తానే విచారించుకొనవలెను.

ఆపద్ధర్మము ఎవ్వరి కొరకు?

ఎల్లవేళల ఉన్నదున్నట్లు చెప్పుటయే ధర్మమా యని సందేహము కలుగవచ్చును. కర్ణపర్వములో శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుడను తపస్వి కథ చెప్పెను. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాగికొనిరి. తరుముకొని వచ్చిన దొంగలు వారి జాడ అడుగగా, సత్యవ్రతుడనను అభిమానముతో కౌశికుడు దానిని చూపెను. దొంగలు వారిని చంపిరి. కౌశికునకు నరకము ప్రాప్తించెను. ప్రాణులకు హితమైన యథార్థవాక్యమే సత్యమని రామానుజులు గీతాభాష్యములో వివరించుటలోని మర్మమిదియే. కల్యాణగుణములలో సత్యార్జవముల వెంటనే దయను నిలుపుటకును కారణమిదియే.

అయితే ఈ మినహాయింపును స్వలాభమునకు వాడుకొనరాదు. వామనమూర్తికి మూడడుగుల నేల యిత్తునని బలిచక్రవర్తి వాగ్దానము చేసినపుడు, వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు హెచ్చరించెను. వృత్తికి భంగము, ప్రాణమునకు ముప్పు కలిగినపుడు అనృతము దోషము కాదని, మాట మరలించుకొమ్మని బోధించెను. చెప్పినవాడు గురువు, చూపినది శాస్త్రము, పోవుచున్నది సర్వస్వము. అయినను ప్రహ్లాదుని మనుమడనైన తాను మాట తప్పజాలనని బలి నిశ్చయించెను. గురువు శపించెను, రాజ్యము పోయెను, బంధనము కలిగెను. చివరకు స్వామి అతనికి సుతలమునిచ్చి, ఆ వాకిట తానే కాపుండెను. ఇతరుల ప్రాణమును కాపాడుటకు శాస్త్రము చూపిన సందును తన సొత్తును కాపాడుకొనుటకు వాడకుండుట బలి గొప్పతనము. నేటి లోకములో ఆ సందు రాజమార్గమైనది. వ్యాపారమన్నచో ఇంతేయని, ఉద్యోగమన్నచో ఇంతేయని ప్రతివాడు తనకు తానే శుక్రాచార్యుడగుచున్నాడు.

తప్పు జరిగినపుడు

మనుష్యుడు ఎంత జాగరూకుడైనను తప్పు చేయకుండుట కష్టము. చేసిన తప్పును సరిదిద్దుకొను విధానము కూడ ఆర్జవములో భాగమే. శాంతిపర్వములో శంఖలిఖితులను సోదరుల కథ కలదు. అన్నయైన శంఖుడు ఆశ్రమములో లేనివేళ తమ్ముడు లిఖితుడు వచ్చి చెట్టునున్న పండ్లను కోసికొని తినెను. అన్న తిరిగివచ్చి, అడుగక తీసికొనుట దొంగతనమని, రాజునొద్దకు పోయి దండన పొందుమని చెప్పెను. సుద్యుమ్న మహారాజు క్షమింపబూనినను లిఖితుడు అంగీకరింపక దండనము కోరి చేతులు పోగొట్టుకొనెను. అన్న ఆజ్ఞచే బాహుదానదిలో స్నానముచేసి తర్పణము చేయబోగా చేతులు మరల వచ్చినవి. నదీస్నానము చేతులనిచ్చినది నిజమే. కాని ఆ స్నానము తప్పును ఒప్పుకొనుటకు ముందు కాదు, తరువాత.

మనుస్మృతి ప్రాయశ్చిత్తములలోను ఇదియే క్రమము. పరుల ఇంటినుండి స్వల్పవస్తువును తీసినవాడు సాంతపనమను కృచ్ఛ్రమును చేయవలెను. అయితే తీసిన వస్తువును తిరిగి యిచ్చియే దానిని ఆచరింపవలెనని విధి. ఉపవాసము ఇచ్చివేతకు బదులు కాదు. నేటి గృహస్థునకు ఇది మిక్కిలి ఉపయోగకరమైన ధర్మసూత్రము. పొరపాటున ఎక్కువ వచ్చిన చిల్లర, ఎన్నడో తెచ్చి మరచిన పొరుగింటి పాత్ర, ఆసామి చనిపోయినందున పత్రము లేకుండ నిలిచిపోయిన చేబదులు, అన్నదమ్ముల పంపకములో చెల్లెలికి చెందవలసియు చెందని భాగము – ఇట్టివి ప్రతి ఇంటను ఏదో ఒకటి యుండును. యాత్రకు బయలుదేరు ముందు వీనిలో ఒక్కటియైనను సరిచేసిన గృహస్థునకు కొండమెట్లు తేలికగ తోచును.

ఆచరణ

ఆర్జవము త్రికరణములకు సంబంధించినది గనుక సాధనయు మూడు విధములు. మొదటిది మనస్సు. శరణాగతి అంగములలో ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము అనునవి మొట్టమొదట చెప్పబడినవి. స్వామికి ఇష్టమైనది చేయుదునని, అనిష్టమైనది విడుతునని సంకల్పము. శరణాగతుడనను ధైర్యముతో తప్పు చేయువాడు ఈ రెండంగములను విడిచినవాడు. ప్రాతఃకాలమున సంధ్యావందనానంతరమో, దీపారాధనవేళనో ఆ దినమున జరుగబోవు వ్యవహారములను తలచుకొని, వానిలో వంకరకు తావున్న దానిని ముందుగనే గుర్తించి స్వామికి నివేదించుట మంచి అభ్యాసము.

రెండవది వాక్కు. అబద్ధమునే గాక ఇచ్చకమును కూడ విడువవలెను. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) చరిత్రలో ఒక ఘట్టము ప్రసిద్ధము. తనపై శృంగారపదము చెప్పుమని సాళువ నరసింహరాయలు కోరగా, శ్రీహరిని కీర్తించు జిహ్వతో నరుని స్తుతింపజాలనని ఆయన నిరాకరించెననియు, రాజు సంకెలలు వేయించెననియు, స్వామి కృపచే అవి ఊడిపోయెననియు సంప్రదాయము చెప్పుచున్నది. పై అధికారిని, ధనవంతుని మనస్సులో నిందించుచు ఎదుట పొగడుట నేడు లౌక్యమని పిలువబడుచున్నది. సంకీర్తనాచార్యుని పదములను పాడు నాలుకతో ఆ లౌక్యము పలుకుట తగదు.

మూడవది కాయము, అనగా చేయి. గృహస్థు రాత్రి పరుండబోవు ముందు ఆనాటి రాబడిని, వ్యయమును వ్రాసికొనవలెను. ప్రతి రాబడి ఎదుట అది న్యాయముగ వచ్చినదా యని ప్రశ్నించుకొనవలెను. పాలు అమ్మువాడు పాత్రను, దుకాణదారు త్రాసును, ఉద్యోగి తాను పనిచేసిన వేళను, ఉపాధ్యాయుడు తాను చెప్పిన పాఠమును, కూలి చేయించుకొన్నవాడు తానిచ్చిన కూలిని తలచుకొనవలెను. సందేహము కలిగిన రాబడిని మరునాడే సరిచేయవలెను. ఇందుకు పురోహితుడు, ముహూర్తము అవసరము లేదు. మొదట ఇది కష్టముగ తోచును. కొంత నష్టమును కలుగవచ్చును. తూకము సరిగ తూచు అంగడివాడు పొరుగు అంగడివానికంటె కొంతకాలము తక్కువ గడించును. ఆ నష్టమును దాచిపెట్టి ఆర్జవము లాభసాటి యని బోధించుట కూడ ఆర్జవము కాదు. బలికి రాజ్యము పోయినమాట నిజము. సక్తుప్రస్థుని కుటుంబము ఆకలితో నున్నమాట నిజము. వారు పొందినది స్వామి సన్నిధి.

అలంకారప్రియుడైన స్వామికి పుష్పములు, పట్టువస్త్రములు, నైవేద్యములు భక్తులు సమర్పింతురు. స్వామి ఋజువర్తనుడు గనుక ఋజువైన జీవితమును సమర్పించుట ఆయన స్వభావమునకు తగిన కైంకర్యము. దీనికి ధనము అక్కరలేదు, విద్య అక్కరలేదు, క్షేత్రమునకు రావలసిన పనియు లేదు. అంగడిలో, పొలములో, కచేరిలో, వంటయింటిలో ఎక్కడనున్నవారు అక్కడనే నిత్యము చేయదగినది. అట్టి కైంకర్యము చేయుచు వచ్చినవాడు గర్భాలయము ఎదుట నిలిచి చేతులు జోడించిన క్షణమున, ఆ చేతులలో దాచవలసినది ఏదియు లేనివాడగును.